మంచు పట్టిన పొద్దు బండి ఎవరు ఆపాలి

నాకు బండి తోలడం రాదు. కారు, బస్సు మాట అటుంచండి, మా ఆయన స్కూటరుకు స్టాండు వేయడం కూడా ఇప్పటికీ చేతకాదు. అయినా వైట్‌ఫీల్డ్ దగ్గరి ఒక ఆస్పత్రిలో, పొద్దున్నే స్టాఫు బస్సులు కదలాలా వద్దా అని చెప్పే కుర్చీలో చాలా ఏళ్ళు కూర్చున్నాను. పోయిన ఏడాది ఆ కుర్చీ దిగాను. నా తర్వాత అందులోకి వచ్చిన అమ్మాయి మొన్న ఫోను చేసి, "మేడమ్, మంచు ఎంత ఉంటే బండి ఆపాలి? ఒక్క రూలు చెప్పండి చాలు" అంది.

రూలు చెప్పాను. డ్రైవరు సీట్లోంచి చూస్తే రోడ్డు పక్కన కరెంటు స్తంభాలు వరసగా మూడు కనిపిస్తే పో, రెండే అయితే నడక వేగంతో పోయి చోటు చూసుకో, ఒక్కటే అయితే రోడ్డు దిగి ఆపు. అంతే. ఆ అమ్మాయి సంతోషంగా రాసుకుంది. ఫోను పెట్టేశాక నాకే నవ్వొచ్చింది. ఆ రూలు కనిపెట్టడానికి నాకు ఒక పొద్దు పట్టింది. అది పని చేసేట్టు చూడటానికి ఉద్యోగమంతా పట్టింది.

బెంగళూరులో మంచేమిటని నవ్వకండి. మనది రోడ్డు మీద గడ్డకట్టి చక్రాలు జార్చే మంచు కాదు. వడగళ్ళు పడితే పిల్లలు గిన్నెలు పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తే ఊరు మనది. గడ్డకట్టే ఊళ్ళవాళ్ళకు భయం ముందే ఉంటుంది, బండి బయటికి తీయరు. మన పొగమంచుతో చిక్కేమిటంటే, అది ప్రమాదంలా ఉండదు. చల్లగా, అందంగా ఉంటుంది. రోడ్డు బాగుంటుంది, బండి బాగుంటుంది, కాసేపట్లో ఎండ వస్తుందని అందరికీ తెలుసు. ఎదురుగా ఏమీ కనిపించదు, అంతే.

ఇందులో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది డ్రైవరు రమణప్ప గురించి. మంచులో బండి ఆపినందుకు అతని ఉద్యోగం పోబోయింది. దాన్ని నిలబెట్టడానికి నేను చేసిన బేరం లాంటిది మా అంగడి వంశంలో ఎవరూ చేసి ఉండరు.

నా అర్హత

మాది కె.ఆర్.పురం సంత వీధి. తాతగారు కదిరి నుంచి వచ్చి పెట్టిన అంగడి. బెల్లం, పప్పులు, కొబ్బరి తాళ్ళు, లాంతరు గాజులు. అటు పక్క మా పెదనాన్న అంగడి, ఇటు పక్క మేనమామ అంగడి, ఎదురుగా వీళ్ళందరితో మాటల్లేని మా చిన్నాన్న అంగడి. పలక పట్టకముందే నేను బేరం పట్టాను. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు చీర బాగుందంటే, ఎంతకు తీశామో చెప్పి, దుకాణంవాడు మొదట చెప్పిన ధర కూడా చెప్పిన మనిషిని. మా అమ్మ తల పట్టుకుంది. అత్తగారు మాత్రం ఆ క్షణమే సంబంధం ఖాయం చేసుకున్నారట.

ఆస్పత్రిలో మొదట నేను స్టోర్సులో గుమాస్తాను. ఒకసారి బస్సులు అద్దెకిచ్చే కాంట్రాక్టరు వస్తే, అతనితో మాట్లాడటానికి ఎవరూ లేక నన్ను కూర్చోబెట్టారు. సాయంత్రానికి అతను చెమట తుడుచుకుంటూ బయటికి వెళ్ళి, "ఆయమ్మ ఉన్న గదిలోకి నన్నింగ పిలవద్దండప్పా" అన్నాడట. మర్నాడు నన్ను ట్రాన్స్‌పోర్టుకు మార్చారు. డ్రైవర్లు నా ఎదుట రత్నక్కా అనేవారు, చాటున బేరాలక్క అనేవారు. రెండో పేరే నాకు ఎక్కువ ఇష్టం.

పని ఇది. మా ఆస్పత్రి నర్సుల హాస్టలు హొసకోట అవతల ఉండేది. అద్దె తక్కువని అంత దూరంలో పెట్టారు. పొద్దున డ్యూటీ నర్సులను తెల్లవారుతుండగా అక్కడి నుంచి తీసుకురావాలి, రాత్రంతా డ్యూటీ చేసినవాళ్ళను అదే బస్సులో తిరిగి పంపాలి. దారి పాత మద్రాసు రోడ్డు. చలికాలం వస్తే హొసకోట చెరువు పక్కన, ఆ తర్వాత నీలగిరి తోపుల దగ్గర మంచు పట్టేస్తుంది. బస్సు ఆపితే బస్సులో నర్సు పిల్లలు క్షేమం. కానీ ఆస్పత్రిలో రాత్రంతా నిలబడిన పిల్లలు ఇంకా నిలబడాలి. కాబట్టి ఆపడం ఎప్పుడూ ఉచితం కాదు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు మొదట తెలుసుకోవాల్సింది ఇదే. "ఎందుకొచ్చిన గొడవ, ఆపేద్దాం" అనుకునేవాళ్ళు కూడా ఈ పనికి పనికిరారు.

పర్వాలేదక్కా

మొదటి చలికాలం నేను ఇంట్లోంచి ఫోను చేసి, "మంచు ఎట్లుందప్పా?" అని అడిగేదాన్ని. ఏ డ్రైవరైనా ఒకటే జవాబు, "పర్వాలేదక్కా". చెరువు కనిపించకపోయినా పర్వాలేదు, ముందు అద్దం కనిపించకపోయినా పర్వాలేదు.

వాళ్ళను నేను తప్పుపట్టలేదు. ఎందుకంటే మా నాన్న జీవితంలో ఒక్క గిరాకీకీ "లేదు" అని చెప్పలేదు. సరుకు లేకపోతే "సాయంత్రం వస్తాది" అనేవాడు. ఎప్పటికీ రాని సరుకైతే "రేపు వస్తాది" అనేవాడు. లేదంటే అంగడి పరువు పోయినట్టు. డ్రైవరుకూ అంతే. పోలేనంటే తోలడం రానట్టు.

అందుకని ప్రశ్న మార్చాను. ఎట్లుందని అడగడం మానేసి, ఏం కనిపిస్తోందని అడిగాను.

"రమణప్పా, యాడ ఉండావు?"

"హాస్టలు గేటు కాడ అక్కా."

"ఎదురుగా ఏం కనపడతా ఉండాది?"

"కంబాలు."

"ఎన్ని?"

ఒకటి, రెండు అని గొణగడం వినపడింది. లెక్కపెడుతున్నాడన్నమాట. "రెండక్కా. మూడోది ఉండాదని నాకు తెలుసు కాబట్టి కనపడినట్టే ఉండాది."

అలా పుట్టింది మూడు స్తంభాల రూలు. తెలిసింది వేరు, కనిపించింది వేరు అని రమణప్ప అప్పుడు నాతో చెప్పిన మాట అతనికి గుర్తు కూడా లేదు.

అతన్ని గొప్ప డ్రైవరని నేననను. చింతామణి వైపు మనిషి. మీసం మీద ఉన్న శ్రద్ధ గేర్ల మీద ఉండేది కాదు. ఎవరో రోడ్డు పక్క చెత్త కాలుస్తుంటే ఆ పొగను మంచనుకుని బండి ఆపేశాడని, అందరం దగ్గుతూ కూర్చున్నామని నర్సులు నాకు ఫిర్యాదు చేసిన రోజూ ఉంది. తప్పు చేస్తే ఆపే వైపు చేసేవాడు. అటువంటి తప్పుల మనిషి ఒక్కడైనా మీ దగ్గర ఉండాలి.

సగం సగం

రూలు ఉన్నంత మాత్రాన నాకు బుద్ధి వచ్చిందనుకోవద్దు. రెండో చలికాలంలో ఒకరోజు రమణప్ప కాకుండా ఇంకో డ్రైవరు బండి మీద ఉన్నాడు. ఒక్క స్తంభమే కనిపిస్తోందన్నాడు. ఆస్పత్రి నుంచి మేట్రన్ కరుణమ్మ గారు ఫోను మీద ఫోను. ఆవిడ ఒంగోలు వైపు మనిషి. ఆవిడ పిలుపులో ప్రేమ, దండన ఒకే గిన్నెలో వడ్డించినట్టుంటాయి. "ఏంటమ్మా రత్నా, మా పిల్లలు రాత్రనగా నిలబడ్డారు, కాళ్ళా అవి కర్రలా?"

నేనేం చేశాను? అంగట్లో చేసేదే చేశాను. ఆవిడ ఇప్పుడే పంపమంటారు, రూలు ఆపమంటుంది. మధ్యకు తెగ్గొట్టాను. "అరగంట ఆగి బయల్దేరప్పా" అన్నాను. ఇద్దరికీ సగం సగం.

మంచుతో మధ్యకు తెగ్గొట్టడం కుదరదని అప్పుడు తెలిసింది. మన వైపు పొగమంచు చాలాసార్లు తెల్లవారుజామున కంటే సూర్యుడు పైకొచ్చే సమయానికే బాగా చిక్కబడుతుంది. నేను ఇచ్చిన అరగంట బస్సును తీసుకెళ్ళి సరిగ్గా అందులో పెట్టింది. చెరువు దాటాక, ముందు పోతున్న వరిగడ్డి ట్రాక్టరులోకి బస్సు ముక్కు మెత్తగా దూరిపోయింది. నడక వేగంతో పోతున్నారు కాబట్టి ఎవరికీ గీత కూడా పడలేదు. ట్రాక్టరు రైతు తన వెనక బస్సు దూరిన సంగతి తెలియక, కాసేపు అలాగే తోలుకుపోయాడట. ఆ పొద్దు వార్డుల్లో నర్సుల జడల నిండా గడ్డిపరకలే. ఒక పెద్దాయన పేషెంటు, "అమ్మా, మీది ఆస్పత్రా, గొడ్లపాకా?" అని అడిగాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ అది గడ్డి కాకుండా ఇనప కమ్ముల ట్రాక్టరు అయ్యుంటే అని చాలా రోజులు అనుకుంటూనే ఉన్నాను. బేరం మనుషులతో చేయండి. వాతావరణంతో చేయకండి.

ఫోను ఆర్పేసిన పొద్దు

ఇక అసలు సంగతి. క్రిస్మస్‌కు ముందు రోజులు. బయల్దేరేటప్పుడు రమణప్పకు మూడు స్తంభాలు కనిపించాయి, సరేనన్నాను. బస్సు రావాల్సిన వేళ దాటింది. ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. మళ్ళీ చేస్తే స్విచ్ ఆఫ్.

బస్సు నిండా ఆడపిల్లలు, బయట మంచు, డ్రైవరు ఫోను ఆఫ్. నర్సుల ఫోన్లకు చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. ఆస్పత్రిలో ఒక ఆపరేషను ఆలస్యమైంది, థియేటరు నర్సు ఆ బస్సులోనే ఉంది మరి. కరుణమ్మ గారు డ్యూటీ గదిలో మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తూ ఉండిపోయారు.

ఎండ బాగా వచ్చాక బస్సు వచ్చింది. లోపల నుంచి పాటలు. హొసకోట దగ్గర మంచు ఒక్కసారిగా మూసేస్తే, రమణప్ప రోడ్డు దిగి, ఒక టీ హోటలు ముందు ఖాళీ జాగాలో బండి పెట్టేశాడు. పిల్లలు టీ తాగి, క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేసుకున్నారు. ఆ పాటల హోరులో ఎవరికీ తమ ఫోను వినపడలేదు.

రమణప్పను పక్కకు పిలిచాను. "ఆపినావు, మంచి పని చేసినావు. ఫోను ఎందుకప్పా ఆర్పేసినావు?"

మీసం దువ్వుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. "మోగితే ఎత్తాల కదక్కా. ఎత్తితే మీరో, మేట్రనమ్మో, మెల్లగా వచ్చెయ్ రమణప్పా అంటారు. పెద్దోళ్ళు అడిగినంక రానని చెప్పేదానికి నాకు నోరు రాదు. వస్తానని చెప్పేస్తా. చెప్పినంక రావాల. అందుకని మోగకుండా చేసినా."

నాకు కోపం రావాల్సింది. రాలేదు, ఎందుకంటే అతను చెప్పింది అక్షరాలా నిజం. నేనే ఆ ఫోను చేసి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలుసు.

శాలువా

మా అడ్మినిస్ట్రేటరు శ్రీకంఠయ్య గారు. మహదేవపురలో ఉండేవారు, కన్నడం ఆయన ఇంటి భాష, తెలుగు కె.ఆర్.పురం బడిలో మాతోపాటు నేర్చుకున్నది. చెడ్డమనిషి కాదు, అది గట్టిగా చెప్పాలి. పదిమందికి జవాబు చెప్పుకోవాల్సిన మనిషి, అంతే.

"రత్నమ్మా, నెలాఖరుకు రమణప్పని ఇంటికి పంపేద్దాం" అన్నారు.

"మంచులో ఆపినందుకా సార్?"

"అదే రోడ్డులో ఫ్యాక్టరీ బస్సు టైముకు వచ్చిందంట. పాల వ్యాను వచ్చిందంట. ఏమీ కాలేదు కదా వాళ్ళకి. మనవాడికే ఎందుకు భయం? అదీ ఫోను ఆఫ్ చేసుకుని."

ఇక్కడ నేను చిక్కిపోయాను. సరిగ్గా ఆపినవాడి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఆపకుండా ఉంటే ఏదో అయ్యేదని ఎలా చూపిస్తాం? మా నాన్న పుచ్చిన కందిపప్పు కూడా అమ్మగలిగాడు. కానీ దానికి కూడా దోసిట్లో పోసి చూపించడానికి పప్పు ఉండేది. నేను అమ్మాల్సింది జరగని సంగతి.

అటువంటప్పుడు అంగడివాళ్ళు చేసేది ఒకటే. మొదటి ధర ఆకాశంలో చెప్పాలి.

"సార్, నేను వేరేదానికి వచ్చినా. రమణప్పకు సోమవారం మీటింగులో శాలువా కప్పాల."

శ్రీకంఠయ్య గారు కళ్ళద్దాలు తీసేశారు. "శాలువానా? నేను ఇంటికి పంపుతా ఉండాను, నీవు శాలువా అంటావు."

"శాలువా, పూలదండ, మీ చేత్తో."

"దండ కూడానా?"

"సరే, మీరింతగా అడుగుతా ఉండారు కాబట్టి దండ వదిలేస్తా."

"నేనెప్పుడడిగినా తల్లీ?"

అలా అలా దిగుతూ వచ్చాను. దండ వదిలాను, శాలువా వదిలాను, మీటింగులో పేరు చదవడం వదిలాను. ఆయన కూడా తెలియకుండానే దిగారు. నెలాఖరు నుంచి వారం సస్పెన్షన్ దాకా వచ్చారు. అక్కడ నేను ఆగిపోయాను. వారం ఆపినా ఒకటే, ఇంటికి పంపినా ఒకటే. ఆపినవాడికి శిక్ష పడిందని తెలిసిన మరుక్షణం మిగతా డ్రైవర్లు ఒక్కరూ ఇక ఆపరు. స్తంభాలు లేకపోయినా మూడున్నాయంటారు.

"సార్, బెల్లం కొనేముందు నాలిక మీద వేసుకుంటాం కదా. మీరొక పొద్దు ఆ బస్సులో ముందు సీట్లో కూర్చోండి. మంచు రుచి చూడండి. తర్వాత మీరేం చెప్తే అది. సస్పెండ్ చేసినా నేను నోరెత్తను."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "నోరెత్తవా? నీవా?"

"అమ్మతోడు."

"అయితే వస్తాను. ఆ మాట కోసమన్నా వస్తాను."

సరుకు లేని అంగడి

మర్నాడు చీకటితోనే శ్రీకంఠయ్య గారు కోతి టోపీ, మఫ్లరు, స్వెటరుతో హాస్టలు గేటు దగ్గర కారు దిగారు. నేనూ ముందే వెళ్ళి ఉన్నాను. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. స్తంభాలు మూడు కాదు, హొసకోట దాకా లెక్కపెట్టుకోవచ్చు. గిరాకీని పిలిచి కూర్చోబెట్టాక డబ్బాలో బెల్లం లేదని తెలిస్తే ఎలా ఉంటుంది? అలా ఉంది నాకు.

"ఇదేనా నీ మంచు?" అన్నారాయన.

"రేపు వస్తాది సార్" అన్నాను. నోట్లోంచి వచ్చాక చూసుకుంటే, అచ్చం మా నాన్న మాట.

రెండో రోజూ ఎండే. మూడో రోజు ఆయన స్వెటరు లేకుండా వచ్చారు. బస్సులో నర్సులు నవ్వు ఆపుకోలేక కిటికీల వైపు తిరిగారు. రమణప్ప ముఖం మాత్రం వాడిపోయింది. "చూడక్కా నా నసీబు. జీవితంలో మొదటి తూరి, దేవుడా మంచు పంపించు అని దండం పెడతా ఉండాను. ఇంట్లో ఆమె కూడా పెడతా ఉండాది. ఆయన విసుక్కుని రానంటే నా పని అయిపోయినట్టే కదా."

అవును, అయిపోయినట్టే. ఆ వారం నేను వాతావరణం వార్తలు చూసినంత ఎప్పుడూ చూడలేదు.

శ్రీకంఠయ్య గారిని మెచ్చుకోవాలి. మాట ఇచ్చారు కాబట్టి వస్తూనే ఉన్నారు. క్రిస్మస్ వెళ్ళాక ఒక పొద్దు మంచు దిగింది.

ముందు సీటు

ఆ పొద్దుకు ముందే రమణప్పకు ఒకటే చెప్పి పెట్టాను. "నువ్వేం వాదించొద్దు. పోదామా సార్ అని అడుగు. సార్ ఏం చెప్తే అది చెయ్యి, నడక వేగం దాటొద్దు. ఒక్క కంబమే మిగిలితే మాత్రం నువ్వే రోడ్డు దిగు, ఎవరినీ అడగొద్దు."

గేటు దగ్గర మూడు స్తంభాలున్నాయి. కదిలాం. చెరువు దగ్గర రెండయ్యాయి.

"పోదామా సార్?"

శ్రీకంఠయ్య గారు వెనక్కి చూశారు. బస్సు నిండా నర్సులు ఆయన నోటి వైపే చూస్తున్నారు. "పోనీ, మెల్లగా" అన్నారు.

తోపుల దగ్గర రెండోది ఉండీ లేనట్టుంది.

"పోదామా సార్?"

"పర్వాలేదు, పోనీ."

ఆ మాట విని నేను నా చీర కొంగు చూసుకుంటూ కూర్చున్నాను. రమణప్ప పెద్ద లైట్లు వేయలేదు. వేస్తే మంచులో ఎదురుగా తెల్లగోడ కట్టినట్టవుతుంది, ఆ సంగతి కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. నడక వేగంతో పోతున్నాం. ఎడమ పక్క తెలుపులోంచి ఒక నలుపు మెల్లగా లారీ అయింది. ఆగి ఉన్న లారీ, వెనక దీపం లేదు. రమణప్పకు తిప్పుకోవడానికి తీరిక ఉండింది, తిప్పుకున్నాడు. ఏమీ కాలేదు.

అప్పుడే శ్రీకంఠయ్య గారి ఫోను మోగింది. కరుణమ్మ గారు. ఆయన అలవాటు కొద్దీ ఎత్తేశారు. "ఆఁ సిస్టర్... వస్తా ఉండాం, వస్తా ఉండాం. ఇదో, వచ్చేసినట్టే."

ఫోను దింపి, పక్క అద్దంలోంచి బయటికి చూశారు. బయట ఏమీ లేదు. వెనక సీట్లో ప్రసన్న అనే నర్సు కిసుక్కుమంది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు. ఆయన ముఖం ఎర్రబడింది, తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. "ఇప్పుడు నేనేమని చెప్పినానమ్మా?"

"వచ్చేసినట్టే అన్నారు సార్" అంది ప్రసన్న.

"ఆపప్పా రమణప్పా" అన్నారు. "నీకు చోటు తెలుసు కదా, ఆడ ఆపు."

రోడ్డు దిగి అదే టీ హోటలు ముందు ఆగాం. ఆయన ఫోను మళ్ళీ మోగింది. చూశారు. నా వైపు చాపారు. "నువ్వు మాట్లాడు రత్నమ్మా."

"నేనెత్తను సార్. ఎత్తితే నేనూ వస్తా ఉండామనే చెప్తా."

రమణప్ప వైపు చాపారు. రమణప్ప రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. బస్సులో ఇంతమందిమి ఉండి, ఒక ఒంగోలు తల్లికి రాలేమని చెప్పగలిగిన మొనగాడు ఒక్కడు లేడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

టీ తాగుతుంటే ప్రసన్నే దారి చెప్పింది. "సార్, నేను ఊరెళ్ళి తిరిగొచ్చినప్పుడు బస్సు దిగగానే అమ్మకు మిస్‌డ్ కాల్ ఇస్తాను. ఇప్పుడు ఫోన్లు ఫ్రీనే అనుకోండి, అయినా అదే అలవాటు. ఒక్క రింగు. అమ్మ ఎత్తదు, క్షేమంగా దిగానని తెలుసుకుంటుంది. ఎత్తితే ఇక మాటలు మొదలవుతాయి."

శ్రీకంఠయ్య గారు టీ గ్లాసు కింద పెట్టారు. మిగతాది మేమిద్దరం ఆ బల్ల మీదే కుదుర్చుకున్నాం. డ్రైవరు ఆపాలనుకుంటే ముందు రోడ్డు దిగాలి. తర్వాత నాకూ, మేట్రన్ గారికీ ఒక్కొక్క మిస్‌డ్ కాల్ ఇవ్వాలి. క్షేమంగా ఆగామని దానర్థం. తిరిగి ఎవరూ ఫోను చేయకూడదు, అడ్మినిస్ట్రేటరుతో సహా. కదిలేటప్పుడు ఇంకొకటి. ఫోను ఎప్పుడూ ఆర్పకూడదు. రమణప్పకు శిక్ష లేదు, కానీ ఫోను ఆర్పినందుకు కరుణమ్మ గారి దగ్గరికి వెళ్ళి ఆవిడ ఎంతసేపు తిడితే అంతసేపు నిలబడాలి.

"శాలువా?" అన్నాను.

"నోరెత్తనన్నావు, అమ్మతోడు అన్నావు" అన్నారు శ్రీకంఠయ్య గారు.

కరుణమ్మ గారు బాగానే తిట్టారు. "బండి ఆపావని కాదురా నాయనా, ఆగావని తెలియక నా ప్రాణం పోయింది" అని చివర్లో మిగిలిన క్రిస్మస్ కేకు ముక్క చేతిలో పెట్టారు. రమణప్ప మీసానికి కేకు అంటించుకుని బయటికొచ్చాడు. ఆ మధ్యాహ్నం డ్రైవర్లందరినీ షెడ్డు దగ్గర నిలబెట్టి, మిస్‌డ్ కాల్ ఎలా ఇవ్వాలో అతనే నేర్పించాడు. ఒక్క రింగు దాటకముందే పెట్టేయడానికి కొందరికి చాలా ప్రాక్టీసు పట్టింది.

మొదటి రింగు

జనవరిలో ఒక పొద్దు నేను కె.ఆర్.పురంలో మా మేడ మీద వడియాలు ఎండబెడుతున్నాను. మంచి ఎండ. ఫోను ఒక్కసారి మోగి ఆగింది. రమణప్ప.

ఆకాశం చూశాను. మబ్బు తునక లేదు. చెయ్యి దానంతటదే అతనికి తిరిగి ఫోను చేయబోయింది. చెత్త పొగేమో, మళ్ళీ పొరబడ్డాడేమో, ఒక్క మాట అడిగితే ఏం పోయింది అనిపించింది. అడిగితే వస్తానంటాడు. అది కూడా తెలుసు. ఫోను నడుముకు దోపుకున్నాను.

వెంటనే కరుణమ్మ గారు చేశారు. "రత్నా, నాకూ వచ్చిందమ్మా. ఇక్కడ చూస్తే బట్టలారేసుకునేంత ఎండ. అక్కడ నిజంగా మంచుందంటావా?"

"నేను చూడలేదమ్మా" అన్నాను. "చూసినాయన చెప్పినాడు."

ఆవిడ వెనక వార్డులో ఎవరో గంట నొక్కుతున్నారు, ఎవరివో అలసిన చెప్పుల చప్పుడు.

"సరే" అన్నారు. "రాత్రి డ్యూటీ పిల్లలకు వేడివేడిగా ఉప్మా చేయించి, వంతులవారీగా కూర్చోబెడతాను. ఆ రెండో రింగు వచ్చినప్పుడు నువ్వు ఎత్తకు, నేనూ ఎత్తను."